పునర్నిర్మాణ దశలో ఏసుబాబు

మా కొత్తరేవు కబడ్డీ జట్టు మీద నాకున్న అభిప్రాయాలు ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి. వినేవాడికి ఇష్టమో కాదో చూసుకుంటూ కూర్చుంటే ఆ బస్సు ఏనాడూ డిపో దాటేది కాదు.

మా జట్టులో పట్టేవాళ్ళు లేరు. ఎదుటి రెయిడరు కూత పెట్టుకుంటూ వస్తే మావాళ్ళు వియ్యంకుడు వచ్చినట్టు పక్కకి తప్పుకుని దారిస్తారు. కోచ్ మంచివాడే, కానీ మంచితనం కబడ్డీలో ఏ మూలకి పనికొస్తుంది? ఇక మిగిలింది రెయిడరు ఏసుబాబు. వాడొక్కడూ ఉన్నాడు గనకే నేనింకా ఆదివారం ఆదివారం ఆ ఎండలో గ్రౌండు మెట్ల మీద కూర్చుంటున్నాను. కాదన్నవాడికి కబడ్డీ తెలియదు.

కాదన్నవాడు ఉన్నాడు. పేరు అబ్బులు. గ్రౌండు గేటు పక్కన టీ బడ్డీ వాడిదే.

"మీ ఏసుబాబుకి ఎడంకాలు పంజెయ్యదండి కండక్టరు గారూ. అంతా కుడికాలే. ఎడంకాలు ఊరికే ఎనకాల తగిలించుకుని తిరుగుతున్నాడండి."

"నీకు నోరు తప్ప ఏదీ పంజెయ్యదు. టీ ఇలా తే."

ఇది మా ఇద్దరికీ రోజూ ఉండేదే. ఏసుబాబు సంగతి వాడికేం తెలుసు? ఆ కుర్రాణ్ణి తయారు చేసింది నేను. కోచ్ ఒప్పుకోడు గానీ నిజం అదే. కొత్తరేవు నుంచి ఎర్రగట్టు దాకా ఆ రూట్లో బడిపిల్లలందరూ నా బస్సే ఎక్కేవాళ్ళు. నా బస్సులో ఒక్క ఈల అంటే ఆగు, రెండు ఈలలు అంటే రైట్ రైట్. రెండో ఈల పూర్తయ్యేసరికి కాలు ఫుట్‌బోర్డు మీద లేనివాడు ఎండలో నడిచి వెళ్ళాల్సిందే. ఎవడి మీదా దయ చూపించలేదు. ఏసుబాబు లంకలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, రెండో ఈల గాలిలో ఉండగానే మనిషి కూడా గాలిలో ఉండేవాడు. ఆ దూకుడే రెయిడు అయింది. అందుకే రిటైరయ్యాక కూడా నా ఈల నా దగ్గరే ఉంచుకున్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. ఏళ్ళ తరబడి ఓడిపోతుంటే జనం తిట్లు భరించలేక మా కబడ్డీ సంఘం పెద్దలు ఏదో విజ్ఞాన యాత్రకి వెళ్ళారు. ఎక్కడికి వెళ్ళారో చెప్పలేదు గానీ తిరిగొచ్చేటప్పుడు ఒక మాట వెంటబెట్టుకొచ్చారు: పునర్నిర్మాణం. పెద్ద పెద్ద జట్లన్నీ ఓడిపోతున్నప్పుడు ఓడిపోతున్నామని అనవట. పునర్నిర్మాణ దశలో ఉన్నామంటాయట. వారం తిరక్కుండానే మా జట్టుకి ఒక పునర్నిర్మాణ ప్రత్యేకాధికారి వచ్చాడు. పేరు చక్రధరం. ఆయనకో గది, గదికో బోర్డు, గుమ్మంలో ఒక జీపు. జట్టుకి మాత్రం పాత నిక్కర్లే.

ఆయన గ్రౌండులో మైకు పెట్టించి మాట్లాడాడు.

"క్రీడాభిమాన సోదర సోదరీమణులారా. మన జట్టు నేటి నుంచి పునర్నిర్మాణ దశలో ఉన్నట్టు ప్రకటించడమైనది. సదరు దశలో ఫలితములను ఆశించుట అభిమాన ధర్మం కాదు. మొదటి సంవత్సరం గౌరవప్రదమైన ఓటమి. రెండవ సంవత్సరం స్వల్ప ఓటమి. మూడవ సంవత్సరం సమాన స్థితి. నాలుగవ సంవత్సరం ఆకస్మిక గెలుపు. ఐదవ సంవత్సరం సంపూర్ణ గెలుపు. ఇది శాస్త్రీయ ప్రణాళిక."

అబ్బులు చెయ్యెత్తాడు. "ఆకస్మికంగా గెలిచేది ముందే ఎలా తెలుస్తుందండి?"

"ఆకస్మికతను కూడా ముందుగానే ఖరారు చేశాం" అన్నారు చక్రధరం గారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను. పక్కవాళ్ళు కొడుతుంటే చేతులు ఊరుకోవు కదా.

మొదట్లో బాగానే ఉంది. ఓడిపోయిన రోజు సాయంత్రం కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకుని వెళ్ళే పని తప్పింది. పది పాయింట్ల లోపు తేడాతో ఓడితే గౌరవప్రదం కింద లెక్క. అంటే శాలువా కప్పి, సమోసాలు పెట్టి, ఫోటో తీసేవారు. పదికి మించి ఓడితే అగౌరవం కనక సమోసాలు ఉండవు, టీ మాత్రమే. దాంతో మావాళ్ళు తేడా పదికి చేరకుండా కాచుకుంటూ ఎంతో నేర్పుగా ఓడిపోవడం నేర్చుకున్నారు. ఇంత క్రమశిక్షణ ఈ జట్టులో నేనెప్పుడూ చూడలేదు.

జనానికి మాత్రం కష్టమొచ్చిపడింది. ఎవడైనా మెట్ల మీంచి "పట్టరా, పట్టరా" అని అరిస్తే ఒక గుమాస్తా వచ్చి పేరు రాసుకునేవాడు. ఫలితాన్ని ఆశించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. మా వీధిలో ఒక పెద్దాయన సంజాయిషీ కాగితంలో "నేను ఆశించలేదు, అలవాటుగా అరిచాను" అని రాసిచ్చి బయటపడ్డాడు. తర్వాత అందరూ అదే రాశారు.

అలా సాఫీగా ఓడిపోతూ ఉండగా ఏసుబాబు కొంప ముంచాడు.

పక్క తాలూకా జట్టుతో ఆట. తేడా ఆరు పాయింట్లు, సమోసాలు అప్పటికే వేగుతున్నాయి. ఆ టైములో ఏసుబాబు రెయిడుకి వెళ్ళి ముగ్గుర్ని ముట్టుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళి ఇద్దర్ని. నాకు ఒళ్ళు తెలియలేదు. ఈల తీసి గట్టిగా రెండుసార్లు ఊదాను. వాడు మళ్ళీ వెళ్ళి మిగిలిన వాళ్ళని కూడా ఊడ్చుకొచ్చాడు. మేం గెలిచాం. జనం అరవాలో వద్దో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చక్రధరం గారు మాత్రం లేచి, సమోసాల పళ్ళెం మీద గుడ్డ కప్పించి, జీపెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు ఏసుబాబుకి మెమో వచ్చింది. నేరం: నిర్ణీత కాలానికి మూడు సంవత్సరాలు ముందుగా గెలవడం. ఒక్కడే వెళ్ళడానికి భయపడితే నేను తోడు వెళ్ళాను.

"నాయనా" అన్నారు చక్రధరం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నువ్వు చేసిన పని యొక్క తీవ్రత నీకు అవగతమైనదా?"

"మూడో పాయింటు వద్దనుకున్నానండి. ఆళ్ళు ముగ్గురూ దగ్గరదగ్గర నిలబడ్డారండి. కాలు దానంతటదే ఎల్లిపోయిందండి."

"కాలికి ప్రణాళిక వినిపించలేదా?"

ఏసుబాబు తన కాలికేసి చూసుకున్నాడు. "లేదండి."

"వినిపించవలసిన బాధ్యత కాలు యొక్క యజమానిదే. మరొక్క పర్యాయం ఇట్టి గెలుపు సంభవించినచో నిన్ను జట్టు నుంచి తప్పించి సామాను గదికి పంపడమవుతుంది. అక్కడ నీవు వాలీబాల్ నెట్లు మడత పెడుదువు గాక."

నాకు మండింది. "ఏంటండీ ఇది? గెలిస్తే తప్పా? ఆట అంటే గెలవడానికి కాదా?"

"గంగరాజు గారూ, మీవంటి పూర్వకాలపు అభిమానుల యొక్క అభిప్రాయములను మేము గౌరవిస్తాం. అయితే పరిగణించం." ఇంకో కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "నిన్న మీరు ఊదిన ఈల ఆటగానిని గెలుపునకు ప్రేరేపించినట్టు విచారణలో తేలింది. మరల గ్రౌండులో ఈల ఊదినచో తమరికి జీవితకాల ప్రవేశ నిషేధం."

జీవితకాలం. నాకున్న జీవితం ఆదివారం మధ్యాహ్నాలే కదా. మిగతా వారమంతా మా ఆవిడది.

బయటికొచ్చాక ఏసుబాబు గోడ పక్కన కూలబడిపోయాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఎర్రగట్టుతో జరిగే ఆఖరి ఆటకి రాష్ట్ర జట్టు తరఫున సెలెక్టరు ఒకాయన వస్తున్నాడట. ఒక్క రెయిడర్ని తీసుకుంటారట. వయసు దాటిపోతోంది కనక ఏసుబాబుకి ఇదే చివరి అవకాశం.

"ఈసారి పోతే ఇంక కొబ్బరికాయలు దింపుకుంటానే బతకాలండి. ఆడితే ఈళ్ళు తీసేత్తారు. ఆడకపోతే ఆయన తీసుకోడు. ఏం చెయ్యమంటారండి?"

నాకు అన్ని విషయాల మీదా అభిప్రాయాలు ఉంటాయి. దీని మీద మాత్రం ఒక్కటీ రాలేదు. "ముందు టీ తాగుదాం పద" అన్నాను.

అబ్బులు ఏసుబాబు మొహం చూసి ఎడంకాలి సంగతి ఎత్తకుండా టీ ఇచ్చాడు. ఆ రోజు వాణ్ణి మొదటిసారి మెచ్చుకున్నాను, మనసులోనే.

ఈ లోపు మా జట్టు కీర్తి జిల్లా అంతా పాకింది. ఓడిపోతున్నా ఎవరూ తిట్టని జట్టు, సమీక్షల్లో సమోసాలు తినే జట్టు, జీపున్న అధికారి. ఏ సంఘానికి మాత్రం నోరూరదు? ఒకరి వెనక ఒకరు పునర్నిర్మాణం ప్రకటించేశారు. ఎర్రగట్టువాళ్ళు మరీనూ. ఆ ఏడాది వరసగా గెలుస్తూ పైన ఉన్నవాళ్ళు, పైనుంచే పునర్నిర్మాణంలోకి దిగిపోయారు. వాళ్ళకీ ఒక ప్రత్యేకాధికారి, భాస్కరమూర్తి గారని. ఆయన జీపుకి ఏసీ కూడా ఉందని తెలిసి చక్రధరం గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని చెప్పుకున్నారు.

ఆ విధంగా ఆఖరి ఆట రోజు వచ్చింది. రెండు జట్లూ మొదటి సంవత్సరంలోనే ఉన్నాయి. అంటే ఇద్దరూ గౌరవప్రదంగా ఓడిపోవాలి. ఇద్దరూ ఒకే ఆటలో ఎలా ఓడిపోతారన్నది ఏ కాగితంలోనూ రాయలేదు.

గేటు దగ్గర పోలీసు నా జేబులన్నీ తడిమాడు. ఈల దొరకలేదు. అది నా తమలపాకుల సంచిలో, సున్నం డబ్బా కింద ఉంది. ఊదాలని తెచ్చుకోలేదు, ఒట్టు. ముప్ఫై ఏళ్ళు మెళ్ళో వేలాడిన వస్తువు ఇంట్లో పెట్టి రావడానికి చెయ్యాడలేదంతే.

సెలెక్టరు గారు ముందు వరసలో కూర్చున్నారు. తెల్ల జుట్టు, చేతిసంచి, ఎండకి కళ్ళజోడు. ఆయనకి అటూ ఇటూ ఇద్దరు ప్రత్యేకాధికారులు.

ఆట మొదలైంది. ఎర్రగట్టు రెయిడరు కూత పెట్టుకుంటూ వచ్చాడు. మా వాళ్ళెవరినీ ముట్టుకోలేదు. నేరుగా పక్కగీత దగ్గరికి నడిచి, చెప్పులు విడిచినంత మర్యాదగా గీత బయట కాలు పెట్టాడు. అవుట్. మాకు పాయింటు. చక్రధరం గారి మొహం మాడింది. ఇప్పుడు మా రెయిడరు వెళ్ళి అటుపక్క గీత బయట కాలు పెట్టాడు. వాళ్ళకి పాయింటు. భాస్కరమూర్తి గారు తల పట్టుకున్నారు. మళ్ళీ వాడు, మళ్ళీ వీడు. ఒకటి ఒకటి, రెండు రెండు, అలా ఎక్కుతూనే ఉంది.

కాసేపటికి చక్రధరం గారికి పెద్ద అనుమానం వచ్చింది. "అయ్యా, ఇది ఇట్లే కొనసాగినచో సమాన స్థితి ఏర్పడును. సమాన స్థితి మూడవ సంవత్సరం అంశం కదా."

"మాకునూ అంతే" అన్నారు భాస్కరమూర్తి గారు. "తమరు ఒక్క పాయింటు తేడాతో గెలిచి సహకరించగలరా?"

"క్షమించాలి. తమరే పెద్దవారు, తమరు గెలవండి."

"అబ్బే, ఆతిథ్యం ఇచ్చినది తమరు. ముందు తమరు."

ఇద్దరూ తమ తమ కోచ్‌లకి చీటీలు పంపారు. ఇంకా త్వరగా ఓడమని. దాంతో పట్టేవాళ్ళు కూడా రంగంలోకి దిగారు. రెయిడరు ఇంకా మధ్యగీత దాటకముందే కోర్టు బయటికి దూకడం మొదలుపెట్టారు. ఒకడు దూకితే రెండోవాడు వాడికంటే ముందు దూకాలని తోసుకునేవాడు. ఇటు ఏడుగురూ బయట, అటు ఏడుగురూ బయట. ఒక దశలో కోర్టులో రిఫరీ తప్ప మనిషి లేడు. ఆయన ఒక్కడూ నిలబడి ఎవరికి పాయింటు ఇవ్వాలో తెలియక రెండు చేతులూ ఎత్తేశాడు.

జనం నోరెత్తలేదు. ఆశించినట్టు కనబడుతుందేమోనని కళ్ళు కూడా దించుకున్నారు. అబ్బులు నా పక్కన కూర్చుని గొణిగాడు. "కండక్టరు గారూ, ఇంతకంటే ఆ ఎడంకాలే నయవండి."

ఆట అయిపోవస్తోంది. స్కోరు సమానం. ఇంకా ఒక్క రెయిడే మిగిలింది. అది ఏసుబాబుది.

వాడు కోర్టులోకి వెళ్తుంటే చక్రధరం గారు వేలితో పక్కగీత చూపించారు. వాడు తలూపాడు. కూత పెట్టుకుంటూ వెళ్ళాడు. కానీ ఎర్రగట్టు వాళ్ళు ఏడుగురూ పక్కగీతకి అడ్డంగా వరస కట్టి నిలబడ్డారు. ముట్టుకో బాబూ అని చేతులు చాపుతున్నారు. ముట్టుకుంటే మేం గెలుస్తాం కనక వీడు వెనక్కి తగ్గి, పట్టుకోండి బాబూ అని రెండు చేతులూ జోడించాడు. నోట్లో కూత ఆగకూడదు గనక "కబడ్డీ కబడ్డీ" అంటూనే దణ్ణం పెడుతున్నాడు. వాళ్ళు కూడా దణ్ణం పెట్టారు. అలా నిలబడిపోయారు.

సెలెక్టరు గారు కళ్ళజోడు తీసి మడిచారు. చేతిసంచి జిప్పు లాక్కుని లేవబోయారు.

అప్పుడు ఏసుబాబు తలెత్తి మెట్లకేసి చూశాడు. నాకేసే చూశాడు. కూత ఆగడం లేదు గానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చిన్నప్పుడు పుస్తకాల సంచి పడిపోయి, బస్సు తప్పిపోయిన రోజున దుమ్ములో నిలబడి ఇలాగే చూశాడు. ఆ రోజు నేను బస్సు ఆపలేదు.

జీవితకాల నిషేధమే కదా, ఏడిసిందిలే అనుకున్నాను. సున్నం డబ్బా పక్కకి నెట్టి ఈల తీశాను. ఊపిరి పీల్చి రెండుసార్లు ఊదాను. గట్టిగా, డిపోలో వినబడేట్టు.

నేను ఏసుబాబు కోసమే ఊదాను. మిగతా వాళ్ళ సంగతి నాకు తట్టలేదు. ఎర్రగట్టు కుర్రాళ్ళు ఏడుగురూ అదే రూటు వాళ్ళు. అందరూ నా బస్సులో తిరిగినవాళ్ళే. రెండో ఈల వినబడగానే ఎనిమిది మంది కాళ్ళు కదిలిపోయాయి. ఉత్తర్వులు వాళ్ళ బుర్రల్లో ఉన్నాయి గానీ కాళ్ళకి ఎవరూ వినిపించలేదు కదా. ఏసుబాబు గాలిలోకి లేచాడు. దిగేటప్పుడు మూల ఉన్నవాడి భుజాన్ని కాలితో ముట్టాడు. ఎడంకాలితో. కాలు తగిలినవాడు ఒళ్ళు మండి ఏసుబాబు తొడ పట్టేశాడు. మిగతా ఆరుగురూ మీద పడ్డారు. ఎన్నాళ్ళ ఆకలో ఏమో, ఒక్కొక్కడూ నిజంగా పట్టాడు. ఏసుబాబు మాత్రం కూత వదల్లేదు. ఏడుగుర్ని నడుం మీద, మెడ మీద, కాళ్ళ మీద మోసుకుంటూ, మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి మధ్యగీత మీద చెయ్యి వేశాడు.

గ్రౌండు దద్దరిల్లిపోయింది. అన్నాళ్ళూ మింగిన అరుపులన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. పేర్లు రాసుకోవాల్సిన గుమాస్తా కూడా కాగితాలు గాల్లోకి విసిరేసి గంతులేశాడు. అబ్బులు నన్ను వాటేసుకుని "ఎడంకాలండి, ఎడంకాలండి" అంటూ ఏడ్చాడు. ఎర్రగట్టు కుర్రాళ్ళు ఓడిపోయి కూడా నవ్వుతున్నారు. సెలెక్టరు గారు సంచి కింద పడేసి లేచి నిలబడ్డారు.

ఇద్దరు అధికారులూ రిఫరీ మీదికి వెళ్ళారు. "ఈల చెల్లదు. అనధికార ఈల" అన్నారు చక్రధరం గారు.

"ఈల ఆయనదండి. ఆట ఈళ్ళదండి. గీత మీద చెయ్యి నేను సూశానండి" అన్నాడు రిఫరీ. ఆయనా నా రూటువాడే.

భాస్కరమూర్తి గారు మాత్రం చల్లగా కూర్చున్నారు. ఏడుగురూ అవుటైనందుకు ఏడు, జట్టు ఖాళీ అయినందుకు రెండు, మొత్తం తొమ్మిది పాయింట్లతో వాళ్ళ ఓటమి గౌరవప్రదంగా వచ్చింది. శాలువా కప్పించుకుని ఏసీ జీపులో వెళ్ళిపోయారు.

పాపం చక్రధరం గారికే వచ్చింది ఇబ్బంది. జట్టు గెలిచింది. గెలిస్తే పునర్నిర్మాణం పూర్తయినట్టు. పూర్తయితే గది, బోర్డు, జీపు వెనక్కి ఇచ్చేయాలి. ఆయన ఒక రాత్రంతా ఆలోచించి మర్నాడు మైకు పెట్టించారు.

"నిన్న సంభవించిన గెలుపు వలన మన ప్రణాళిక మొత్తం కూలిపోయినదని తెలియజేయుటకు చింతిస్తున్నాను. దీనికి తోడు మన ప్రధాన రెయిడరును రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసుకొనిపోవుచున్నారు. కావున జట్టును పునాదుల నుంచి మరల నిర్మించవలసి ఉన్నది. పునర్నిర్మాణ దశను పది సంవత్సరాలకు పొడిగించడమైనది."

చప్పట్లు కొట్టారు. ఈసారి నేను లేను. నేను గేటు బయట అబ్బులు బడ్డీ దగ్గర నిలబడి విన్నాను, ఎందుకంటే నా జీవితకాల నిషేధం అప్పటికే అమల్లోకి వచ్చింది. ఉత్తర్వు తెచ్చిచ్చిన గుమాస్తా నా కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ ఇచ్చాడు.

ఏసుబాబు బయల్దేరే రోజు బస్టాండుకి వెళ్ళాను. బస్సు కదిలేదాకా ఎక్కకుండా నిలబడి, కదిలాక దూకాడు. అలవాటు.

ఆ తర్వాత ఆదివారాలు గడవడం కష్టమైంది. మధ్యాహ్నం ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ చింతపండు పిక్కలు తియ్యమని ముందు పోసేది. అలా పిక్కలు తీస్తున్నప్పుడే ఒక రోజు ఫోను వచ్చింది.

"బావున్నారండీ? ఏసుబాబునండి."

"ఎలా ఉందిరా అక్కడ? ఆడిస్తున్నారా? ఆ ఎడంకాలు జాగ్రత్త. కుడివైపు ఎక్కువ వాడకు. నా అభిప్రాయం ఏంటంటే..."

"ఆయ్, అదేం లేదండి. నేనొచ్చిన రోజే రాష్ట్ర జట్టుని కూడా పునర్నిర్మాణంలో పెట్టేశారండి. ఇరవై ఏళ్ళ ప్లానంటండి. ప్రత్యేకాధికారులు ముగ్గురండి. పొద్దున్నే లేపి గీత బయటికి నడవడం నేర్పుతున్నారండి."

చేతిలో చింతపండు పక్కన పెట్టి అడిగాను. "అక్కడ నా పేరు మీద ఉత్తర్వు ఏమైనా ఉందా?"

"ఇంకా రాలేదండి. మిమ్మల్ని ఇక్కడెవరూ ఎరగరు కదండి."

"మీ వాళ్ళెవరూ నా రూటు వాళ్ళు కాదు కదరా. రెండు ఈలలంటే వాళ్ళకేం తెలుస్తుంది?"

"అందుకేనండి ఫోన్ చేసింది. రోజూ సాయంత్రం సిటీ బస్సు ఎనకాల పరిగెట్టిస్తున్నానండి. అందరికీ వచ్చేసిందండి. ఇంక మీరు రావడవే తరువాయండి."